సొంత గేటుకి ఎర్ర గుర్తు

"ఇది ఎవరు పూశారో తేలేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు," అంది టైలరమ్మ.

గేటు స్తంభం మీద, సరిగ్గా మోకాలి ఎత్తున, అరచేయంత ఎర్ర రంగు గుర్తు ఉంది. ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆమె వేలితో తాకి చూసి, ఎర్రబడిన ఆ వేలిని తమ్ముడి ముక్కు ముందు నిలబెట్టింది.

తమ్ముడికి నలభై ఏళ్ళుంటాయి. మైకు సెట్లు అద్దెకిస్తాడు కాబట్టి ఊరంతా అతన్ని మైకు అనే పిలుస్తుంది. సెట్లన్నీ అద్దెకి పోయిన రోజున కూడా అతని గొంతు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. అతను దగ్గితే రెండు వీధుల అవతల పడుకున్న కుక్క లేచి, చోటు మార్చుకుని పడుకుంటుంది.

"నాకేం తెలుసక్కా. నేను ప్రచారం మేనేజర్ని, పెయింటర్ని కాదు."

"మరి నీ చొక్కా మీద ఆ ఎరుపేంటి?"

"అది వేరే ఇళ్ళది. నలభై మూడు ఇళ్ళకి నేనే పూశా, కాదనను. ఈ నలభై నాలుగోది మాత్రం నాది కాదు. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, నీ మీదే వేసుకో."

ఆమె మొగుడు పార్లమెంటుకి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడుతున్నాడు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో నేలలోంచి మందుపాతరలు తీసి, పది వేళ్ళతో ఇంటికి తిరిగొచ్చి నాలుగేళ్ళయింది. వీధిలో అతని పేరు మిలిట్రీ. ఒకసారి మందుపాతర పక్కన బోర్లా పడుకుని ఉండగా తుమ్ము వస్తే, దాన్ని మూడు గంటలు ముక్కులోనే ఆపి, పని ముగించుకుని, క్యాంపుకి వచ్చాక తుమ్మాడు. డేరా లేచి పక్క క్యాంపులో పడింది. పక్క క్యాంపు వాళ్ళు ఇప్పటిదాకా ఆ డేరా తిరిగివ్వలేదు.

అలాంటి మనిషికి ఓట్లడగడం ఎవరు నేర్పుతారు? తనకి తెలిసిన పద్ధతిలోనే దిగాడు. మందుపాతరలు వెతికేటప్పుడు, చూసి ఖాయం చేసుకున్న నేలకి తెల్ల గుర్తు పెడతారు. ఇంకా ఖాయం కాని నేలకి ఎర్ర గుర్తు. అతనూ అదే చేశాడు. ఓటేస్తామన్న ఇంటి గేటుకి సున్నం, అననివాళ్ళ గేటుకి ఎర్ర రంగు. పది రోజుల్లో ఎనిమిది వీధులు అయిపోయాయి.

ఆ ఎరుపు ఇవాళ సొంత గేటు ఎక్కింది.

వరండాలో కూర్చున్న ముసలావిడ, అంటే మిలిట్రీ తల్లి, కళ్ళజోడు తుడుచుకుంటూ అంది. "మీ తమ్ముణ్ణి వదిలెయ్ అమ్మాయ్. వాడికి అంత ధైర్యం లేదు. తెల్లారుతూనే పెరట్లో డబ్బా మూత చప్పుడు విన్నాను. నా కొడుకే అయ్యుంటాడు."

పెరటి వైపు నుంచి మిలిట్రీ వచ్చాడు. చేతిలో కిరసనాయిలు డబ్బా, అందులో నానుతున్న బ్రష్షు.

"నేనే పూశాను," అన్నాడు.

"ఎందుకు?"

"నువ్వు ఓటేస్తానని అనలేదు."

"మీరు అడిగారా?"

మిలిట్రీ ఆలోచించాడు. కాస్త తప్పించుకునే మాట కోసం వెతికినట్టే ఉన్నాడు కానీ, ఆ సరుకు అతని దగ్గర ఎప్పుడూ ఉండదు.

"లేదు."

"అడక్కుండానే ఎరుపు పూస్తారా?"

"అడగని చోటికి ఎరుపే పుయ్యాలి. మన ఇల్లే కదా అని సున్నం పూస్తే అది తప్పుడు గుర్తు. తప్పుడు గుర్తు నమ్మి మా వాళ్ళలో ఇద్దరు కాళ్ళు పోగొట్టుకున్నారు."

"ఇక్కడ ఎవరి కాళ్ళూ పోవు బావా, నీ పరువు పోతుంది," అన్నాడు మైకు. "కట్టుకున్న పెళ్ళాం ఓటే ఖాయం కాలేదంటే అవతలి అభ్యర్థి లారీ ఎక్కి మరీ చెబుతాడు."

టైలరమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్ళింది. కాసేపటికి కుట్టుమిషను చప్పుడు మొదలైంది.

ముసలావిడ చెవి అటు పెట్టి విన్నది. "మామూలు కోపమైతే అంచులు కుడుతుంది. ఇవి కాలర్లు. ఒరేయ్, ఇవాళ టీ బయట తాగండి."

అసలు పది రోజులుగా ఆ ఇంట్లో ఆమె మాట్లాడింది ఉప్పు గురించీ, తాళంచెవుల గురించీ మాత్రమే. మొగుడు పార్లమెంటుకి నిలబడుతున్న సంగతి ఆమెకి దిండు గలీబులు కుట్టించుకోవడానికి వచ్చినావిడ చెప్పింది. అప్పుడు కత్తిరిస్తున్న చొక్కాకి ఒక చెయ్యి పొట్టిదైపోయింది. ఆ చొక్కా ఇప్పటికీ మేకుకి వేలాడుతోంది.

*

టీ కొట్టు నుంచి గ్లాసులు వచ్చేలోపు సైకిల్ షాపాయన వచ్చాడు. గాలి కొట్టే పంపు చేతిలోనే ఉంది, కింద పెట్టడం మరిచిపోయినట్టున్నాడు.

అతని కోసమే అందరూ ఎదురుచూస్తున్నారు. నామినేషన్ పత్రం మీద పదిమంది ఓటర్లు సంతకం చేసి అభ్యర్థిని ప్రతిపాదించాలి. తొమ్మిది అయ్యాయి. ముసలావిడా మైకూ కూడా అందులో ఉన్నారు. పదో గీత సైకిల్ షాపాయనది. పత్రం ఆ రోజు మధ్యాహ్నం మూడింటిలోపు ఎన్నికల అధికారికి చేరాలి. ఒక్క నిమిషం దాటినా అంతే.

"కూర్చో," అన్నాడు మిలిట్రీ, పెన్ను మూత తీస్తూ.

"కూర్చోను. మా గేటుకి ఎరుపేంటి?"

"మీ అమ్మగారు చూద్దాంలే అన్నారు."

"మా అమ్మ నేను పుట్టినప్పుడు కూడా చూద్దాంలే అనే ఉంటుంది. దానికే ఎర్ర రంగా? పొద్దుట్నుంచీ ట్రంకుపెట్టె రోడ్డు మీదకి లాక్కొచ్చి, దాని మీద కూర్చుంది. ఇల్లు పడగొట్టేదాకా లేవనంటోంది."

"ఇల్లెవరు పడగొడుతున్నారు?"

"రోడ్డు వెడల్పు చేస్తున్నారటగా. ఎరుపు పూసినవన్నీ పోయే ఇళ్ళేనట."

"ఎవరన్నారు?"

సైకిల్ షాపాయన పంపుతో మైకుని చూపించాడు.

మైకు టీ గ్లాసు వెతుక్కున్నాడు. గ్లాసులు ఇంకా రాలేదు. "నేను మంచికే చెప్పా బావా. నిన్న సాయంత్రం ఇద్దరు ముగ్గురు అనుమానంగా అడిగారు. అందుకని పొద్దున్నే ఆటోలో మైకు కట్టి అన్ని వీధులూ తిరిగి చెప్పొచ్చా."

"ఏం చెప్పావు?"

"ఎర్ర గుర్తున్న ఇళ్ళని పడగొట్టరు, ఎవరూ కంగారు పడొద్దు అని."

"అంతేనా?"

"అంతే. చివర్లో 'ఇప్పట్లో' అని ఒక మాట కలిపా. మరీ గట్టిగా హామీ ఇస్తే బాగుండదని."

వీధి చివరి నుంచి బీరువా ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. మిలిట్రీ పెన్ను మూత పెట్టేశాడు.

"ఎరుపంటే పడగొట్టడం కాదు," అన్నాడు నెమ్మదిగా. "ఎరుపంటే శత్రువని కూడా కాదు. నాకింకా తెలియని చోటని. అక్కడ ఎక్కువసేపు ఆగాలి, జాగ్రత్తగా నడవాలి, అంతే."

"ఆ మాట గేటు మీద రాయలేదుగా," అన్నాడు సైకిల్ షాపాయన. అతని గొంతులో కోపం తగ్గింది కానీ బాధ తగ్గలేదు. "మిలిట్రీ, నువ్వంటే నాకు ఇష్టమే. కానీ మా అమ్మ రోడ్డు మీద కూర్చుని ఉండగా నీ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికెలా వెళ్ళను?"

"వద్దు. ముందు ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళు. మధ్యాహ్నం నేనే వచ్చి రంగు చెరిపి, దణ్ణం పెట్టి వస్తాను."

అతను వెళ్ళిపోయాడు. పంపు గుమ్మంలోనే మరిచిపోయాడు.

"కంగారెందుకు," అన్నాడు మైకు. "తెల్ల ఇళ్ళు నూట పన్నెండు ఉన్నాయి. ఒక్క సంతకం దొరకదా? పదకొండింటికల్లా పదిమందిని వరసలో నిలబెడతా చూడు."

పదకొండున్నరకి ఒక్కడే తిరిగొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒకాయన వేలు తలుపు సందులో పడి నలిగిందన్నాడు, ఆ వేలితోనే తలుపు మూశాడు. ఒకావిడ కళ్ళజోడు కనబడటం లేదంది, పెట్టుకునే అంది. ఇంకొకాయన గత వారమే సంతకం మరిచిపోయానన్నాడు.

"ఓటు గ్యారంటీ అంటున్నారు బావా, సంతకం మాత్రం వద్దంటున్నారు."

ముసలావిడ కొడుకు వంక చూసింది. తర్వాత మిషను చప్పుడు వస్తున్న గది వంక చూసింది. మళ్ళీ కొడుకు వంక.

*

కుట్టు గది చిన్నది. గోడంతా మేకులు, మేకులకి దారం రీళ్ళు. కిటికీ పక్కన బడి యూనిఫాంల దొంతర. ఇంకో మూల ఇస్త్రీ చేసి మడతపెట్టిన పసుపు చొక్కాలు.

ఒంటిగంట దాటాక మిలిట్రీ వచ్చి గుమ్మంలో ఆగాడు. అతను ఏ గదిలోకైనా అలాగే వెళ్తాడు, ముందు నేలంతా చూసి.

"ఆ పసుపు చొక్కాలు ఎవరివి?" అన్నాడు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

మిషను ఆగింది. ఆమె మాత్రం తలెత్తలేదు. "అవతలి అభ్యర్థి ఊరేగింపువి. నలభై చొక్కాలు, కొలతలు పంపారు. ఈ పై చొక్కా చూడండి. నడుము నలభై రెండు, ఎడమ భుజం కొంచెం జారుడు. ఎవరిదో చెప్పనా? మీకు రెండుసార్లు టీ ఇచ్చి, గేటుకి సున్నం పూయించుకున్న కిరాణా కొట్టాయనది."

మిలిట్రీ చొక్కా చేతిలోకి తీసుకున్నాడు.

"దాని కిందది పాల డిపో ఆయనది. ఆ కిందది మీ తెల్ల ఇళ్ళలో మొట్టమొదటి ఇంటిది. ఈ నలభైలో ముప్పై ఒకటి మీ సున్నం ఇళ్ళవే. మిగతా తొమ్మిదీ మన వీధుల బయటివి. ఎర్ర ఇళ్ళ నుంచి ఒక్క కొలతా రాలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగారా?"

అదే మాట పొద్దున ఒకసారి తగిలింది. ఇప్పుడు ఇంకాస్త లోపలికి వెళ్ళింది.

"నేల అబద్ధం ఆడదు," అన్నాడు మిలిట్రీ, తనలో తాను అనుకున్నట్టు. "చువ్వ దింపితే ఉందో లేదో చెప్పేస్తుంది."

"నేలకి నోరు లేదు కాబట్టి. గడప దాకా వచ్చినవాడి మొహం మీద లేదు పో అనలేక తలూపుతారు మనుషులు. చూద్దాంలే అన్నవాళ్ళే నయం, వాళ్ళు నిజంగా చూస్తారు."

అతను పసుపు చొక్కాని ఉన్న మడత మీదే మడిచి, ఉన్నచోటే పెట్టాడు. తర్వాత వచ్చి ఆమె మిషను పక్కన నేల మీద కూర్చున్నాడు. కూర్చుంటే అతని తల మిషను బల్ల ఎత్తుకి వచ్చింది. జేబులోంచి పత్రం తీసి విప్పాడు.

"ఇరవై రెండేళ్ళలో మూడుసార్లు సర్వీసు పొడిగించుకున్నాను. మూడుసార్లూ సంతకం పెట్టాక నీకు ఉత్తరం రాశాను. ముందు రాయలేదు."

"నాలుగోసారి ఉత్తరం కూడా లేదు. దిండు గలీబులావిడ చెప్పింది."

"తప్పే."

ఆమె సూది కింద ఇరుక్కున్న దారం తెంపింది. అతను ఆగి, అడిగాడు.

"ఈ పదో గీత మీద సంతకం పెడతావా?"

"పెడితే గెలుస్తారా?"

"తెలియదు."

"గెలిస్తే ఏడాదికి ఎన్ని రోజులు ఇంట్లో ఉంటారు?"

కిటికీ అవతల నుంచి మైకు గొంతు వచ్చింది. "పార్లమెంటు ఏడాదికి ఇరవై రోజులేనక్కా. మిగతాదంతా క్యాంటీనే."

"నువ్వు కిటికీ దగ్గర్నుంచి పో," అంది ఆమె, అటు తిరక్కుండానే. "మీరు చెప్పండి."

"తెలియదు. ఎక్కువ రోజులు ఉండలేనేమో."

ఆమె అతని వైపు తిరిగింది. తర్వాత బల్ల మీది ఎర్ర సుద్ద తీసుకుని, బట్ట మీద కత్తిరించే గీత గీసినట్టే, అతని చొక్కా జేబు మీద అడ్డంగా ఒక గుర్తు పెట్టింది.

"అయితే మీకూ ఎరుపే," అంది.

మిలిట్రీ జేబు వంక చూసుకున్నాడు. చెరుపుకోలేదు. పత్రం మిషను మీద పెట్టి లేచాడు.

"వద్దనుకుంటే వద్దు. కాగితం ఇక్కడే ఉండనీ. నేను వెళ్ళి సైకిల్ షాపాయన గేటు తుడిచొస్తాను."

"మరి ఆ మైదానం?"

గుమ్మంలో ఆగాడు. ఊరి చివర సైన్యం ఎప్పుడో వదిలేసిన ఫైరింగ్ మైదానం ఉంది. ముప్పై ఏళ్ళుగా చుట్టూ ముళ్ళకంచె, లోపల పేలని ఫిరంగి గుండ్లు. శుభ్రం చెయ్యండని అతను రాయని ఆఫీసు లేదు. చివరికి ఒక ఆఫీసరు విసుగొచ్చి, ఇది పార్లమెంటులో అడగాల్సిన మాట, అన్నాడు. ఇంకెవరైనా అయితే ఊరుకునేవారు. మిలిట్రీ మాత్రం, సరే వెళ్ళి అడుగుతాను, అని వచ్చి నామినేషన్ పత్రం తెచ్చుకున్నాడు.

"మైదానం ఎక్కడికీ పోదు," అన్నాడు. "నిన్ను అడక్కుండా ఇంకోసారి పోవడం మాత్రం నావల్ల కాదు."

అతను వెళ్ళిపోయాడు.

ఆ మైదానం సంగతి ఆమెకి చెప్పనక్కర్లేదు. బట్టల మార్కెట్ దానికి సరిగ్గా అవతల ఉంది. అడ్డంగా నడిస్తే పది నిమిషాలు. చుట్టూ తిరిగితే గంట. స్కూటర్ కొనుక్కునేదాకా ఆమె నెత్తిన మూటతో చుట్టూనే తిరిగింది. అతను ఎవరి నేలనో శుభ్రం చేస్తున్న ఆ ఏళ్ళన్నీ కంచె పక్కనే నడిచింది. కంచె ఎక్కడ వంగిందో, ఏ స్తంభం తుప్పు పట్టిందో ఆమెని అడిగితే చీకట్లో కూడా చెబుతుంది. ఎవరూ అడగలేదు.

ముసలావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "రెండుంపావయింది అమ్మాయ్. నేనేం చెప్పట్లేదు. గోడకి గడియారం ఉంది కదా, అది చెబుతోంది."

"అత్తయ్యా, మీరైతే ఏం చేస్తారు?"

"నేనా? మీ మావగారు నన్ను అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. ఒక్కసారీ అడగలేదు మహానుభావుడు."

టైలరమ్మ పత్రం తీసి టేపు పెట్టే డబ్బాలో భద్రంగా పెట్టుకుంది. స్కూటర్ తాళం అందుకుంది.

*

స్కూటర్ ఆమే నడిపింది. మిలిట్రీ నడిపితే ప్రతి గుంట దగ్గరా దిగి, చూసి, మళ్ళీ ఎక్కుతాడు. ఒకసారి అలా పక్క ఊరికి బయల్దేరి ఎంత ఆలస్యం చేశాడంటే, అక్కడికి చేరేసరికి ఆ ఊరికి కొత్త బస్టాండు కట్టేశారు.

సైకిల్ షాపు ముందు అతన్ని ఎక్కించుకుంది. అప్పటికే గేటు శుభ్రంగా ఉంది. షాపాయన తల్లి ట్రంకుపెట్టె మీద నుంచి లేచింది కానీ, పెట్టె లోపలికి తీసుకెళ్ళే విషయం చూద్దాంలే అంది.

ఎన్నికల అధికారి గది ముందు పెద్ద గడియారం. రెండూ యాభై నాలుగు. అధికారి పత్రం తిరగేసి, కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు.

"తొమ్మిదే ఉన్నాయి."

"పదోది నాది," అంది టైలరమ్మ. పెన్ను తీసుకుంది. పై నుంచి కింద దాకా ప్రతి అక్షరం చదివింది. రెండూ యాభై ఆరు. గుమాస్తా చెమట తుడుచుకున్నాడు. రెండూ యాభై ఏడు. మిలిట్రీ మాత్రం కదల్లేదు. అలా కదలకుండా ఉండటం అతనికి ఉద్యోగం.

ఆమె సంతకం పెట్టింది.

"అభ్యర్థికి మీరేమవుతారమ్మా?" అన్నాడు అధికారి, స్టాంపు వేస్తూ.

"ఇద్దరిదీ ఒకటే గేటండి."

అధికారి మిలిట్రీ జేబు వంక చూశాడు. "ఆ ఎర్ర గుర్తేంటి? ఎన్నికల గుర్తు ఇంకా ఇవ్వలేదే."

"ఇది మా ఇంటావిడ ఇచ్చింది," అన్నాడు మిలిట్రీ.

*

ఇంటికొచ్చేసరికి ఎండ కాస్త వాలింది. మైకు వీధి మొదట్లోనే ఎదురొచ్చి, మైకు లేకుండానే సంగతంతా ఎనిమిది వీధులకీ వినిపించాడు. ముసలావిడ గేటు దగ్గరికి కుర్చీ లాగించుకుని కూర్చుంది. లోపల పొయ్యి వెలిగింది.

మిలిట్రీ పెరట్లోకి వెళ్ళి సున్నం డబ్బా తెచ్చాడు. గేటు స్తంభం ముందు గొంతుక్కూర్చుని, బ్రష్షు ముంచి, అంచుకి రాసి, చెయ్యెత్తాడు.

"ఆ బ్రష్షు కింద పెట్టండి," అంది టైలరమ్మ, చేతిలో టీ గ్లాసుతో.

"సంతకం పెట్టావుగా."

"మీరు నిలబడటానికి పెట్టాను. ఓటేస్తానని అన్నానా?"

అతను ఆలోచించాడు. "లేదు."

"పోలింగుకి ఇంకా పందొమ్మిది రోజులుంది. అడగండి. రేపు మాత్రం వద్దు, యూనిఫాంలు ఇచ్చెయ్యాలి. ఎల్లుండి రండి, గేటు తట్టి రండి. అప్పుడు చూద్దాంలే."

మిలిట్రీ మొహంలో నవ్వు మెల్లగా బయటికి వచ్చింది. ఆ నవ్వుని అతను పది రోజులుగా, తుమ్ముని ఆపినట్టు, ఎక్కడో ఆపి ఉంచాడు. బ్రష్షు కింద పెట్టాడు.

"ఒరేయ్," అంది ముసలావిడ కుర్చీలోంచి. "సంతకం పెట్టమన్నావు, కొడుకువి కదా అని పెట్టాను. మరి నా ఓటు ఎప్పుడడిగావు?"

మైకు జీవితంలో మొదటిసారి చప్పుడు కాకుండా రెండడుగులు వెనక్కి వేశాడు. అతన్నీ ఎవరూ అడగలేదు మరి.

మిలిట్రీ పెరట్లోకి వెళ్ళి ఎర్ర డబ్బా తీసుకొచ్చాడు. మూత తీశాడు.

"ఎక్కడ పుయ్యమంటావమ్మా?"

"దాని మీద కాదు, అది నా కోడలిది," అంది ముసలావిడ, చేతికర్రతో గేటుకి అవతలి స్తంభం చూపిస్తూ. "నాకు ఈ రెండోది."